కనుబొమలోని తిరస్కారము

గర్వమునకు నివాసము మనస్సే అయినను లోకము దానిని గుర్తించునది ముఖమునందు. అందుచేతనే ప్రతి జాతియు గర్వమును చెప్పుటకు తన భాషలో ముఖావయవములను వాడుకొన్నది. తెలుగువారు పొగరెక్కినవానికి కండ్లు నెత్తికెక్కినవందురు. ఇతరుల పనిని మెచ్చనివాడు పెదవి విరిచినాడందురు. సాటివానిని లెక్కచేయనివాడు కన్నెత్తియైన చూడడందురు. ఆంగ్లభాషలో ఈ పని చేయు మాటలు చాలనే కలవు. వానిలో ‘సూపర్‌సిలియస్’ అను విశేషణము విలక్షణమైనది. ఎదుటివానిని తనకంటె తక్కువవానిగా నెంచి, ఆ భావమును నోటితో చెప్పక, చూపుతోను ముఖభంగితోను తెలియజేయు దర్పము దాని అర్థము. ఆ మాటను విప్పి చూచినచో లోపల కనబడునది ఒక్క కనుబొమ. ‘కనుబొమ మెండుగా గలవాడు’ అని దాని అక్షరార్థము. మానవులందరికి ఉన్న అవయవము కొందరి దోషమునకు పేరెట్లయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము రెండువేల సంవత్సరముల చరిత్రలో చెదరియున్నది.

ముందుగా ఈ పదమునకు ఇరుగుపొరుగులను చూడవలెను. ఆంగ్లమున తిరస్కారమును తెలుపు ‘డిస్‌డెయిన్’ ఫ్రెంచిభాష మీదుగా వచ్చినది. దాని మూలము ‘యోగ్యము’ అను అర్థముగల లాటిన్ మాట. తగినది కాదని తలచుటయే డిస్‌డెయిన్. గౌరవమను అర్థమిచ్చు ‘డిగ్నిటీ’ దానికి తోబుట్టువు. ‘ఆరొగెన్స్’ అనగా తనకు చెందనిదానిని తనదని కోరుట. ‘హాటీ’ అనుదానిలో ఉన్నది ఎత్తు. ఫ్రెంచిలో ఎత్తైనదానిని చెప్పు మాటనుండి అది పుట్టినది. ఈ మూడింటిలో మొదటిది ఒక నిర్ణయము, రెండవది ఒక కోరిక, మూడవది ఒక స్థానము. గర్వించువాని లోపలనుండి చూచినను ఇవి తెలియును. కాని సూపర్‌సిలియస్ అనునది ఒక దృశ్యము. దృశ్యమునకు ద్రష్ట కావలెను. ఎవని కనుబొమ వానికి కనబడదు. ఎదుట నిలిచినవానికే కనబడును. గర్వించువాడు ఈ మాటను తనకై చేసికొనలేదు. అతని యెదుట నిలిచి, అతని ముఖమును చదివినవారు దీనిని చేసిరి. ఈ పదచరిత్ర సారమంతయు ఇందులోనే ఉన్నది.

లాటిన్‌లో ‘సూపర్’ అనగా పైన. ‘కిలియుమ్’ అనగా కనురెప్ప. రెప్పకు పైనున్నది గనుక కనుబొమ ‘సూపర్‌కిలియుమ్’ అయినది. కిలియుమ్ అను మాటకు మూలము కప్పుట, దాచుట అను అర్థముగల ధాతువని భాషాశాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఈ సమాసమును గూర్చి మరియొక విశేషము గమనింపదగినది. సంస్కృతమున ‘భ్రూ’, గ్రీకున ‘ఒఫ్రూస్’, ఆంగ్లమున ‘బ్రౌ’ అనునవి ఒకే ప్రాచీన పదమునుండి వచ్చిన దాయాదులు. లాటిన్ మాత్రము ఆ పాతమాటను పోగొట్టుకొని, దాని చోట సూపర్‌కిలియుమ్ అను కొత్తమాటను కట్టుకొన్నది. ఆ కొత్తమాటలో ‘పైన’ అను భావము ప్రత్యక్షముగా ఉండుటచేత అది త్వరగా విస్తరించినది. కొండకు పాదమున్నదని మనము చెప్పినట్లే రోమనులు కొండకు కనుబొమ ఉన్నదనిరి. వాలు దిగుచోట పైకి ఉబ్బియుండు అంచునకు వర్జిల్ తన వ్యవసాయ కావ్యమగు ‘జార్జిక్స్’లో ఈ మాటనే వాడెను. ఎత్తు, ఏటవాలు, క్రిందికి చూపు అను మూడు భావములును ఇట్లు దర్పము చేరకముందే ఈ మాటలో చేరియుండెను.

మొదట కనుబొమ అధికారమునకు చిహ్నము. హోమరు ‘ఇలియడ్’ మొదటి సర్గలో జియస్ దేవుడు తన నల్లని కనుబొమలతో సమ్మతి తెలుపగా ఒలింపస్ పర్వతము కంపించినది. ఒలింపియాలో జియస్ మహావిగ్రహమును చెక్కిన ఫిడియాస్‌ను నీకు ఆదర్శమేదని అడుగగా, అతడు హోమరు రచనలోని ఆ ఘట్టమునే చూపెనని స్ట్రాబో అను భూగోళ రచయిత చెప్పియున్నాడు. రోమను కవి హొరేస్ తన గీతములలో జూపిటర్ కనుబొమతోనే సమస్తమును కదలించునని వర్ణించెను. ఇచ్చట తిరస్కారమునకు తావులేదు. దేవుడు ఎవరిని తక్కువచేసి చూడనక్కరలేదు. అతని ఔన్నత్యము సందేహింపబడినది కాదు. తెలుగున ‘కనుసన్నలలో మెలగుట’ అనినప్పుడు మనకు స్ఫురించునదియు ఇటువంటి అధికారమే. ఆజ్ఞ నోటివరకు రానవసరము లేదు. కంటి కదలిక చాలును. అధికారమునకు నిజమైన ఆధారమున్నంతకాలము ఆ కదలికను లోకము గాంభీర్యమని గౌరవించును. ఆధారము లేదని తెలిసిన మరుక్షణమున అదే కదలిక నటనగా కనబడును.

ఆ మార్పును మనము కన్నులార చూడగల చోటు సిసిరో ప్రసంగములు. లూసియస్ కల్పూర్నియస్ పీసో క్రీ.పూ. 58లో రోమునకు కాన్సల్. జూలియస్ సీజరునకు మామ. సిసిరో దేశభ్రష్టుడైనది ఆ సంవత్సరముననే. ఆ ఆపదలో పీసో తనను ఆదుకొనలేదని సిసిరో పగబట్టెను. తిరిగివచ్చిన పిదప క్రీ.పూ. 55లో సెనేటులో పీసోపై చేసిన ప్రసంగమున అతడు విడిచిపెట్టక పట్టుకొన్న వస్తువు పీసో కనుబొమ. ముఖము మనస్సు యొక్క మౌనభాషణమని, ఆ భాషణమే అబద్ధమాడి ప్రజలను మోసగించినదని సిసిరో వాదము. పీసో గంభీరముగా కనుబొమలు ముడిచి కూర్చుండెడివాడు. ప్రాచీన రోమనుల నిష్ఠ ఈతనియందు మూర్తీభవించినదని జనులు నమ్మి పదవులిచ్చిరి. నిష్ఠ లేదు, కనుబొమ మాత్రమే ఉన్నదని సిసిరో తేల్చెను. ప్రశ్నించినపుడు పీసో ఒక బొమను నొసటివరకు ఎత్తి, రెండవదానిని గడ్డమువరకు దించి సమాధానము చెప్పుచున్నాడని పరిహసించెను. సిసిరో పగవాడు, అతని చిత్రణను పూర్తిగా నమ్మనక్కరలేదు. కాని ఆ పరిహాసము సెనేటులో చెల్లినదన్నచో, అధికార కనుబొమను అనుమానముతో చూచు అలవాటు రోమనులకు అప్పటికే ఏర్పడియుండవలెను.

తరువాతి నూరేండ్లలో ఆ అనుమానము స్థిరపడినది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము రేగినపుడు మరణించిన పెద్ద ప్లినీ తన ‘ప్రకృతిచరిత్ర’లో శరీరావయవములను వర్ణించుచు, కనుబొమ దగ్గర ఆగి ఒక చిన్న నీతిని చెప్పెను. గర్వము పుట్టుట హృదయమునందే గాని, అది పైకెక్కి వ్రేలాడునది కనుబొమలయందని అతని భావము. శరీరములో ఇంతకంటె ఎత్తైనదియు, నిటారైనదియు, తాను ఒంటరిగా ఉండదగినదియు అగు చోటు గర్వమునకు దొరకలేదట. ఇందులో ఏకాంతమును గూర్చిన మాట ముఖ్యము. గర్వి కోరునది ఎత్తు మాత్రమే కాదు. ఆ ఎత్తున మరియొకడు ఉండకూడదు. శరీరశాస్త్రముగా ఇది చెల్లదు. మనస్తత్త్వముగా దీనిని మించి చెప్పినవారు అరుదు.

వ్యంగ్యకవి జువెనల్ తన ఆరవ వ్యంగ్యకావ్యములో ఇంకొక కోణము చూపెను. గ్రాకస్ సోదరుల తల్లి కొర్నేలియా రోమునకు పతివ్రతా తిలకము వంటిది. మహాగుణములతోపాటు మహాకనుబొమను కూడ తెచ్చుటైనచో, పుట్టింటి విజయోత్సవములను కట్నములో లెక్కగట్టుటైనచో, ఆమెకంటె పల్లెపడుచు మేలని జువెనల్ మాట. అనగా గుణము నిజమైనదే కావచ్చును. అది ఎదుటివానిని చిన్నబుచ్చుటకు ఉపయోగపడినపుడు దానికే కనుబొమయని పేరు వచ్చినది. సిసిరో దృష్టిలో కనుబొమ దొంగ గుణము. జువెనల్ దృష్టిలో నిజమైన గుణమునకే పట్టిన తెగులు.

కనుబొమకు ‘మెండుగా గల’ అను అర్థమునిచ్చు ప్రత్యయము చేరి ‘సూపర్‌కిలియోసుస్’ అను విశేషణమైనది. తత్త్వవేత్త సెనెకా లేఖలలో ఒకదానిలో ఈ మాట కలదు. అచ్చట దానిని పలుకునది సెనెకా కాదు, సుఖలోలురు. మొగము మాడ్చుకొని ఇతరుల బ్రతుకులను విమర్శించు కనుబొమగాండ్రను లెక్కచేయవద్దని వారు పడుచువానికి బోధించుచున్నట్లు సెనెకా వ్రాసెను. అతడు తిట్టింపు తిన్న పక్షమువాడే. ఈ తిట్టు అన్ని వేళల న్యాయమైనదని భ్రమపడకూడదు. నీతిని బోధించువానిని నోరు మూయించుటకు కనుబొమగాడని తీసివేయుట అప్పటికే సులభోపాయమైనది.

గ్రీకులు ఈ విషయమున వెనుకబడినవారు కారు. కనుబొమలు పైకి లాగికొనుట అనగా పెద్దరికము నటించుట అని వారి నుడికారము. ఆ నుడికారమునుండి ఒక కథనే అల్లినవాడు క్రీ.శ. రెండవ శతాబ్దపు లూసియన్. అతడు సిరియా సరిహద్దున యూఫ్రటీసు తీరమందలి సమొసాటాలో పుట్టినవాడు. తాను తొలుత గ్రీకుదేశములకు వచ్చినపుడు తన పలుకు అనాగరికముగా ఉండెడిదని తానే చెప్పుకొన్నాడు. పెద్దల కనుబొమలను క్రిందినుండి చూచిన అనుభవము అతనికి లేకపోలేదు. ‘మృతుల సంభాషణములు’ అను గ్రంథములో అతడు కల్పించిన ఒక దృశ్యము ఇది. మృతులను నది దాటించు కేరన్ పడవ చిన్నది, పాతది, నీరు కారుచున్నది. ఎక్కువారు తమ బరువులను ఒడ్డుననే వదలి రావలెనని కేరన్ నియమము పెట్టి హెర్మెస్ దేవునకు అప్పగించెను. నిరంకుశుడగు రాజు కిరీటమును, రాజవస్త్రమును వదలెను. మల్లుడు తన కండలను వదలెను. ధనికుడు ఐశ్వర్యమును, వంశావళిని వదలెను. పిమ్మట గడ్డము పెంచిన తత్త్వవేత్త వచ్చెను. అతని వస్త్రము క్రింద అజ్ఞానము, కలహబుద్ధి, అబద్ధము, డంబము గుట్టలుగా బయటపడెను. అన్నియు దింపించి గడ్డమును కూడ కోయించిన పిదప, హాస్యప్రియుడగు మెనిప్పస్ ‘కనుబొమలను కూడ కొంచెము కత్తిరింతునా’ యను భావముతో అడిగెను. తప్పక కత్తిరింపుమని హెర్మెస్ సమ్మతించెను; నొసటిని దాటి పైకి నిగుడ్చుకొని వానిని ఈతడు మోయుచున్నాడు గదా!

ఈ కథలో నవ్వు వెనుక ఒక లెక్క ఉన్నది. కిరీటమునకు, కండలకు, ధనమునకు బరువున్నట్లే కనుబొమకును బరువున్నది. అది పడవను ముంచగల బరువు. పైపెచ్చు రాజు కిరీటము అందరికి కనబడుచున్నది గనుక అతనిచే దింపించుట తేలిక. విద్వాంసుని కనుబొమ అతని శరీరములో భాగమైపోయినది. అందుకే దానికి కత్తెర కావలసివచ్చినది. విద్యాగర్వము తక్కిన గర్వములకంటె చివరను పోవునని లూసియన్ వరుసక్రమమే తెలుపుచున్నది.

ఇంతవరకు చూచినదానినిబట్టి ఎత్తిన కనుబొమ యనగా దర్పమేయని నిర్ణయించుట తొందరపాటగును. ఈ సందేహమును తీర్చుటకు రంగస్థలము సాక్ష్యమిచ్చును. క్రీ.శ. మొదటి శతాబ్దము చివర వాగ్మిత్వమును బోధించిన క్వింటిలియన్ తన గ్రంథము పదునొకండవ భాగములో కనుబొమలకు ప్రత్యేక స్థానమిచ్చెను. అవి బొత్తిగా కదలకుండుట దోషము, అతిగా కదలుట దోషము, ఒకటి పైకి ఒకటి క్రిందికి ఉండుటయు దోషమే. ఈ చివరి దోషమునకు అతడు హాస్యనాటకపు ముఖకవచమును జ్ఞాపకము చేసెను. నాటకములోని తండ్రి పాత్ర ఒకసారి కోపగించవలెను, ఒకసారి శాంతించవలెను. కనుక అతని ముఖకవచమున ఒక బొమ ఎత్తుగాను, ఒకటి సమముగాను చెక్కెడివారు. నటుడు సందర్భమునుబట్టి తగిన ప్రక్కను ప్రేక్షకులవైపు త్రిప్పెడివాడు. ఒకే ముఖమున రెండు భావములుండగా, ప్రేక్షకుడు తన కంటబడిన ప్రక్కనుబట్టి తండ్రి మనస్సును గ్రహించెను.

మన నాట్యశాస్త్రము ఈ విషయమున మరింత సూక్ష్మముగా ఉన్నది. భరతుడు ఎనిమిదవ అధ్యాయములో ఉత్‌క్షేపము, పాతనము, భ్రుకుటి, చతురము, కుంచితము, రేచితము, సహజము అని కనుబొమలకు ఏడు కర్మలు చెప్పెను. బొమ ఎత్తుట ఉత్‌క్షేపము. అది కోపమునందు, వితర్కమునందు, హేలయందు, లీలయందు ప్రయోగింపబడును; విస్మయమునందు, హర్షమునందు రెండు బొమలును ఎత్తబడును. అసూయ, జుగుప్స వంటివానిని తెలుపునది బొమ దించుట, అనగా పాతనము. రోమనుడు గర్వమును చూచిన చోట భరతుడు ఆలోచనను, ఆశ్చర్యమును, విలాసమును కూడ చూచెను. మన కవులకు కనుబొమ మన్మథుని విల్లు, భ్రూలత. ముడిపడినపుడు మాత్రము కోపచిహ్నము. ఎదుటివాని అల్పత్వమును చాటు తిరస్కారమునకు మన వాఙ్మయము ప్రధానముగా కనుబొమను ఎన్నుకొనలేదు.

కావున కనుబొమలో స్వతస్సిద్ధముగా గర్వము లేదు. మరి ఐరోపీయులు దానిని ఎచ్చట చూచిరి? 1872లో వెలువడిన ‘మానవులయందును జంతువులయందును భావప్రకటనము’ అను గ్రంథములో చార్లెస్ డార్విన్ దీనికి సమాధానప్రాయమైన పరిశీలనము చేసెను. తిరస్కరించువాని రెప్పలు సగము వాలును. లేదా చూపు, కొన్ని వేళల శరీరమంతయు, ప్రక్కకు తిరిగిపోవును. ఎదుటివాడు చూడదగినవాడు కాడని ఆ చేష్టలు చెప్పుచున్నట్లుండునని డార్విన్ వ్యాఖ్య. గర్వించువాడు తలను పైకెత్తుననియు, అందుచేత ఇతరులను వాలిన రెప్పల క్రిందనుండి చూచుననియు అతడు గమనించెను. ఆశ్చర్యపడువాడు బొమను, రెప్పను రెంటిని ఎత్తును. అతని కన్ను లోకమునకు తెరచుకొనును. తిరస్కరించువాడు బొమను ఎత్తి రెప్పను దించును. ఎత్తు కావలెను, చూపు మాత్రము అక్కరలేదు. మన ‘అలక్ష్యము’ అను మాట ఈ రెండవ సగమును అద్భుతముగా పట్టుకొన్నది. లక్షింపకుండుట, అనగా చూపు నిలుపకుండుటయే గదా అలక్ష్యము.

ఆంగ్లములోనికి ఈ మాట పదునారవ శతాబ్దపు తొలి సగమున ప్రవేశించినది. గ్రీకు లాటిన్ విద్యలు పునరుజ్జీవించి, విద్వాంసులు తమ దేశభాషలోనికి లాటిన్ మాటలను రాశులుగా దింపుచున్న కాలమది. కకారము సకారమై, మాట చివర ఆంగ్లపు పోకడకు ఒదిగి సూపర్‌సిలియస్ అయినది. బజారులో తిరుగువానికి ఇది అర్థము కాదు. తలబిరుసును సూచించుటకు అతనికి సొంత మాటలుండెను. విద్యాగర్వమును నిందించుటకు పుట్టిన మాటను అర్థము చేసికొనుటకు విద్య కావలసివచ్చినది! అందుచేత దీనిని వాడిన వారందరు చదువుకొన్నవారే. చదువుకొన్నవారిలోనే క్రింది మెట్టున నిలువవలసివచ్చినవారు దీనికి పదును పెట్టిరి.

వారిలో అగ్రగణ్యుడు శామ్యూల్ జాన్సన్. పుస్తకముల వర్తకుని కుమారుడు. డబ్బులేక ఆక్స్‌ఫర్డు చదువు మధ్యలో వదలినవాడు. 1747లో ఆంగ్ల నిఘంటువుకు ప్రణాళిక వ్రాసి దానిని చెస్టర్‌ఫీల్డ్ ప్రభువునకు సంబోధించెను. పిమ్మట ఆ ప్రభువు గడపలో వేచియుండుట, ద్వారమునుండి మరలింపబడుట తప్ప అతడు పొందిన సహాయము అత్యల్పము. నిఘంటువు పూర్తికావచ్చినదని తెలిసిన పిదప 1754 చివర చెస్టర్‌ఫీల్డ్ ఒక పత్రికలో దానిని ప్రశంసించుచు రెండు వ్యాసములు వ్రాసెను. 1755 ఫిబ్రవరి 7న జాన్సన్ వ్రాసిన లేఖ దానికి సమాధానము. ఏడేండ్లు తోడురానివాని తోడ్పాటు ఇప్పుడక్కరలేదని ఆ లేఖ సారాంశము. ఆ సంవత్సరము ఏప్రిలులో నిఘంటువు వెలువడినది. అందులో ‘పోషకుడు’ అను మాటకు, అవమానించుచు ఆదుకొని ముఖస్తుతిని ప్రతిఫలముగా పొందువాడని ధ్వనించు వివరణము కలదు.

ఇక సూపర్‌సిలియస్ అనుదానికి జాన్సన్ ఇచ్చిన అర్థములను చూడవలెను. కనుబొమయను లాటిన్ మూలమును చూపి, గర్వమను అర్థముతో మొదలిడి, వెంటనే అతడు వేరొక త్రోవ పట్టెను. తన మాటయే శాసనమనుట, ఆజ్ఞాపించుట, ఇచ్చవచ్చినట్లు నడచుట, నిరంకుశత్వము, ఇతరులను అణచుట అను భావముల మాటలను వరుసగా పేర్చెను. ఇవి ముఖభంగిని వర్ణించు మాటలు కావు. అధికారమును వర్ణించు మాటలు. ఆధునిక నిఘంటువులు ఈ పదమును మర్యాదాలోపముగా, తక్కువచూపుగా వివరించును. జాన్సన్ కాలమున అది పరిపాలనా దోషము. వేచియున్నవాని దృష్టిలో ఎత్తిన కనుబొమకును మూసిన తలుపునకును భేదము లేదని ఈ అర్థముల వరుస తెలుపుచున్నది.

అర్ధశతాబ్దము గడచునప్పటికి ఈ పదము రాజగృహములనుండి కూర్చుండు గదిలోనికి వచ్చినది. 1813లో ప్రకటితమైన జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో ఎలిజబెత్ బింగ్లీ సోదరీమణుల ప్రవర్తనలో ఈ దోషమునే కనిపెట్టును. వారు ఆమె అక్కను ఆదరించుచున్నారు, మర్యాదగా పిలుచుచున్నారు. మాటలలో తప్పుపట్టదగినది లేదు. అయినను అందరియెడల, ఆ అక్కయెడల సైతము, వారి తీరులో ఎలిజబెత్‌కు కనుబొమ కనబడినది. ఆ కుటుంబపు సంపద వర్తకమువలన వచ్చినదనియు, ఆ సోదరీమణులు ఆ సంగతిని మరచిపోవ యత్నించుచుందురనియు రచయిత్రి ముందే సూచించియుండెను. నిన్న మొన్న ఎక్కిన ఎత్తునుండి చూచువారికే క్రిందివారిని కొలుచు ఆతురత ఎక్కువ. జియస్ కనుబొమనుండి బింగ్లీ సోదరీమణుల కనుబొమవరకు సాగిన పతనము ఇది.

ఈ పదముతో పోల్చదగిన మరియొక మాట ‘స్నాబ్’. ఇది గొప్పవంశము లేనివాడను లాటిన్ పదబంధమునకు సంక్షేపమని ప్రచారములో ఉన్న కథకు ఆధారము లేదు. పదునెనిమిదవ శతాబ్దము చివర స్నాబ్ అనగా చెప్పులుకుట్టువాడు. కేంబ్రిడ్జి విద్యార్థులు విశ్వవిద్యాలయమునకు చెందని ఊరివారిని ఈ పేరుతో పిలిచిరి. పిమ్మట అది సామాన్య జనునకు చులకన పేరైనది. 1846, 1847 సంవత్సరములలో థాకరే ‘పంచ్’ పత్రికలో వ్రాసి 1848లో గ్రంథముగా ప్రకటించిన వ్యాసములు దానిని గొప్పలకు ప్రాకులాడువానిపైకి మళ్లించినవి. తరువాత అది క్రిందివారిని ఈసడించువానికే పేరైనది. పైవాడు క్రిందివానిపై విసరిన రాయి తిరిగి పైవానికే తగిలినదన్నమాట. సూపర్‌సిలియస్ అట్లు తిరుగలేదు. అది మొదటినుండి క్రిందినుండి పైకి సాగిన చూపు.

ఇరువదవ శతాబ్దమున కనుబొమ సాహిత్యరంగమునందే మరల ప్రత్యక్షమైనది. పందొమ్మిదవ శతాబ్దము చివర అమెరికాలో పుట్టిన ‘హైబ్రౌ’ అను మాటలో ఉన్నది నిజమునకు నొసలు. ఎత్తైన నొసలు మేధస్సునకు గుర్తని కపాలమును తడిమి గుణము చెప్పువారి నమ్మకము. ఆ శాస్త్రము అబద్ధమని తేలినను మాట నిలిచినది. దానికి ఎదురుగా ‘లోబ్రౌ’, రెంటికి నడుమ ‘మిడిల్‌బ్రౌ’ పుట్టినవి. 1932లో ఒక పత్రికకు ఉద్దేశించి వ్రాసి పంపక, మరణానంతరము 1942లో అచ్చయిన లేఖలో వర్జీనియా వుల్ఫ్ తాను హైబ్రౌనని సగర్వముగా చెప్పుకొని, లోబ్రౌతో మైత్రి ప్రకటించి, తన ఈసడింపునంతటిని నడిమివారిపై కుమ్మరించెను. ఆ లేఖలో హాస్యమున్నది, విద్య ఉన్నది, ధైర్యమున్నది. ప్లినీ చెప్పిన ఆ ఒంటరి ఎత్తు మీది మమకారమును ఉన్నది. గొప్ప రచయిత్రి కూడ తన కనుబొమను తాను చూచుకొనలేదు.

ఈ చరిత్ర తెలిసిన పిదప తెలుగు అనువాదకుని ముందు ఒక చిక్కు నిలుచును. సూపర్‌సిలియస్ అను మాటను ఎట్లు తెలిగించవలెను? ‘అహంకారి’ అనినచో సముద్రములో బిందువు కలిసిపోయినట్లగును. అహంకారము ఒంటరిగా అడవిలోనైన ఉండవచ్చును, కనుబొమకు ఎదుట మనిషి కావలెను. ‘తృణీకారము’ అనునది బలమైన మాటయే. కాని అది ఎదుటివానిని గడ్డిపోచగా చేయు పనిని చెప్పును. చేయువాని ముఖమును చూపదు. ‘అవహేళనము’లో నోటిమాట వినబడును, సూపర్‌సిలియస్‌లో మౌనమున్నది. ‘ఈసడింపు’లో ఏవగింపు కలిసినది. కనుబొమగాడు ఏవగించుకొనుటకైన ఎదుటివానిని లెక్కింపడు. ‘చులకన’ తక్కెడనుండి పుట్టిన భావము, తేలికయని తూచుట. ‘చిన్నచూపు’ అన్నిటికంటె దగ్గరగా ఉన్నది. అందులో చూపు ఉన్నది, ఎత్తునుండి చూచినప్పుడు వస్తువు చిన్నదగుట ఉన్నది, నోరు విప్పకపోవుట ఉన్నది.

అయినను ఒక్క మాట అంతట సరిపోదు. ఆస్టిన్ నవలలో ‘చిన్నచూపు’ చక్కగా కుదురును. జాన్సన్ నిఘంటువులో దానిని పెట్టినచో మూసిన తలుపు కనబడదు; అచ్చట ‘దర్పము’, ‘నిరంకుశత్వము’ అనవలెను. పీసో విషయమున ‘గాంభీర్యము నటించుట’ అనక తప్పదు. సెనెకా లేఖలో సుఖలోలురు తిట్టునది నీతివాదుల కఠినత్వమును. అచ్చట చిన్నచూపు అనినచో తిట్టు గురి తప్పును. మాట ఒక్కటే అయినను, ఏ కాలమున, ఎవరు ఎవరిని చూచి అనిరో తెలియక అనువదించుట సాధ్యము కాదు. నిఘంటువు అర్థమునిచ్చును, ఎవరు ఎచ్చట నిలిచియున్నారో చెప్పునది చరిత్రయే.

ఇంకొక సంగతి గలదు. ఈ మాటను పెంచినవారిలో పలువురు రచయితలే: సిసిరో, జువెనల్, లూసియన్, జాన్సన్, ఆస్టిన్. ఇతరుల కనుబొమలను ఇంత స్పష్టముగా చూచినవారికి ఆ జబ్బు తమకును రాగలదని తెలియకపోదు. విమర్శకుడు కొత్త కవిని చదువకయే పెదవి విరిచినపుడు, పండితుడు మాండలికములో వ్రాసినదానిని సాహిత్యము కాదని ప్రక్కకు నెట్టినపుడు, పెద్దభాష రచయిత చిన్నభాష గ్రంథమును అనువాదమునకు తగదని తీసివేసినపుడు, అచ్చట చేయబడినది విమర్శ కాదు. విమర్శకు చదువవలెను, చూపు నిలుపవలెను, కారణము చెప్పవలెను. కనుబొమకు ఈ శ్రమ ఏదియు అక్కరలేదు. కఠినమైన విమర్శకును సూపర్‌సిలియస్ అను దోషమునకును భేదమిచ్చటనే ఉన్నది. విమర్శకుడు రెప్ప ఎత్తి చూచి తీర్పు చెప్పును; రెండవవాడు రెప్ప వాల్చి తీర్పు చెప్పును. మొదటివాని తీర్పు తప్పైనచో ఎదుటివాడు వాదింపవచ్చును. రెండవవాని తీర్పులో మాటలే లేవు గనుక వాదించుటకు చోటు లేదు. ఆ మౌనమునకు ఒక పేరుపెట్టి, దానిని నలుగురిలో చర్చింపదగిన వస్తువుగా చేయుటయే ఈ లాటిన్ మాట రెండువేల సంవత్సరములుగా చేసిన ఉపకారము.